రిసీవర్ కొనే ముందు గదిలో ఒకసారి చప్పట్లు కొట్టండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం హోం థియేటర్ మీదే ఉన్నాయి. కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్లు, పెద్ద టీవీ తెచ్చుకున్నవాళ్లు, గల్ఫ్ నుంచి సామాను తెప్పించుకుంటున్నవాళ్లు అందరూ అడిగేది ఒకటే. ఏ రిసీవర్ (టీవీ, ప్లేయర్ల శబ్దాన్ని తీసుకుని అన్ని స్పీకర్లకూ పంచే పెట్టె) కొనాలి, ఎట్లా బిగించుకోవాలి? కడపలో రిపేరు కొట్టు పెట్టి నాకు ముప్పై ఏళ్లు దాటింది. టేప్‌రికార్డర్ల కాలం నుంచి నా బల్ల మీదికి వచ్చిన పెట్టెలూ, నేనే పోయి బిగించి వచ్చిన ఇళ్లూ నేర్పినవే ఈ జవాబులు.

ప్రశ్న (ప్రొద్దుటూరు నుంచి ఒక పాఠకుడు): మా హాలు 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు. అంతా కలిపి లక్ష రూపాయలు పెట్టగలను. ఒక కొట్లో 1000 వాట్ల సెట్టు చూపించారు. ఇంకో కొట్లో 80 వాట్ల రిసీవర్‌కు దానికన్నా రెట్టింపు ధర చెప్పారు. ఇదేం లెక్క? 5.1 సరిపోతుందా, 7.1 కావాలా, అట్మాస్ ఉండాల్సిందేనా?

జవాబు: అన్నా, ముందు ఆ 1000 వాట్ల సంగతి చూద్దాం. ఎట్లా కొలిచారో చెప్పకుండా వాట్లు చెబితే దానికి విలువ లేదు. ఆ పెట్టెను వెనక్కి తిప్పి, కరెంటు వైరు వచ్చే చోట అంటించిన చీటీ చదవండి. గోడ నుంచి తీసుకునేది 100 వాట్లని అక్కడ ఉంటే, అది స్పీకర్లకు గంటసేపు 1000 వాట్లు ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తుంది? రెప్పపాటు వచ్చే పోటును కొలిచి, అన్ని స్పీకర్లకూ కలిపి కూడి అట్టపెట్టె మీద అచ్చేసిన అంకె అది.

రెండో కొట్టువాళ్లు చెప్పిన 80 వాట్లకు కాగితంలో ఒక వరస ఉంటుంది. 8 ఓంలు (స్పీకర్ కరెంటుకు ఇచ్చే అడ్డు), 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, రెండు ఛానెళ్లు (ఛానెల్ అంటే ఒక్కో స్పీకర్‌కు పోయే దారి) నడుస్తుండగా, 0.08 శాతం వక్రీకరణ, ఇట్లా. అది నమ్మదగిన కొలత. అదే రిసీవర్ డబ్బా మీద పెద్ద అక్షరాలతో 150 వాట్లని కూడా ఉండొచ్చు. కింద చిన్నక్షరాలు చూస్తే 6 ఓంలు, 1 కిలోహెర్ట్జ్, ఒక్క ఛానెల్, 10 శాతం వక్రీకరణ అని ఉంటుంది. 10 శాతమంటే గొంతు చీలిపోతోందని చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. రెండు రిసీవర్లను పోల్చాలంటే మొదటి వరసతో మొదటి వరసనే పోల్చండి.

మీ హాలుకు 80 వాట్లు చాలా అంటే, దండిగా చాలు. స్పీకర్ కాగితంలో "88 డెసిబెల్" అని ఉందనుకోండి. ఒక్క వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో అంత శబ్దం వస్తుందని అర్థం. సోఫా మూడు మీటర్ల దూరంలో ఉంటే దాదాపు 9 డెసిబెల్ తగ్గుతుంది. 10 వాట్లు ఇస్తే 10 డెసిబెల్ పెరుగుతుంది. అంటే 10 వాట్లకే మీరు కూర్చున్న చోట 88 డెసిబెల్ దగ్గరికి వస్తుంది, పక్కన కూర్చున్న మనిషితో గట్టిగా అరిచి మాట్లాడాల్సినంత శబ్దం అది. వాట్లు రెండింతలు చేస్తే పెరిగేది 3 డెసిబెలే. అందుకే 80కీ 100కీ మధ్య తేడా చెవికి తెలియదు. 85 డెసిబెల్ స్పీకర్ బదులు 88 డెసిబెల్ స్పీకర్ కొన్నారంటే మాత్రం రెట్టింపు వాట్ల రిసీవర్ కొన్నట్టే.

కాబట్టి లక్షలో 35, 40 వేలకు మించి రిసీవర్‌కు పెట్టొద్దు. మిగతాదంతా స్పీకర్లకూ వూఫర్‌కూ పోనివ్వండి. రిసీవర్ నాలుగైదేళ్లకు పాతబడుతుంది, ఏదో ఒక కొత్త సాకెట్టు వస్తుంది. మంచి స్పీకర్ ఇరవై ఏళ్లు పలుకుతుంది. స్పీకర్లలో కూడా ఎక్కువ డబ్బు సెంటర్ స్పీకర్‌కు వెళ్లాలి, ఎందుకంటే సినిమాలో మాటంతా దాంట్లోంచే వస్తుంది.

5.1 అంటే ఐదు స్పీకర్లూ ఒక వూఫరూ, 7.1 అంటే వెనక ఇంకో రెండు స్పీకర్లు. 16 అడుగుల హాలుకు 7.1 అవసరం లేదు. వెనక స్పీకర్లు మంచిగా పలకాలంటే సోఫా వెనక కనీసం నాలుగడుగుల జాగా ఉండాలి, మన హాళ్లలో సోఫా వెనక గోడకే ఆనుకుని ఉంటుంది. మీకు 5.1 సరిపోతుంది. రిసీవర్ మాత్రం ఏడు ఛానెళ్లది తీసుకోండి. ఆ మిగిలిన రెండు ఛానెళ్లతో తర్వాతెప్పుడైనా పైకప్పుకు రెండు స్పీకర్లు పెట్టుకుంటే అది 5.1.2 అవుతుంది, చివరి 2 అంటే తల మీది స్పీకర్లు. అట్మాస్ అంటే తల మీది నుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ పద్ధతి, అది సినిమా హాళ్లకు 2012లో, ఇళ్లకు 2014లో వచ్చింది. ఇప్పుడు ఓటీటీలో మన సినిమాలే చాలా అట్మాస్‌లో ఉన్నాయి. ఇంటి పని ఇంకా నడుస్తుంటే, ఫాల్స్ సీలింగ్ వేయకముందే సోఫా నెత్తి మీదికి రెండు వైర్లు లాగించి ఉంచండి. టీవీ గోడ నుంచి రిసీవర్ దాకా హెచ్‌డీఎంఐ (బొమ్మనూ శబ్దాన్నీ మోసే వైరు) తల దూరేంత లావు పైపు వేయించండి. ముప్పావు అంగుళం పైపు వేసి, తల దూరక గోడ పగలగొట్టిన ఇళ్లు నేను చూశాను.

ఇవన్నీ కొనే ముందు ఒక పని చేయండి. సోఫా వేయబోయే చోట నిలబడి ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు అక్కడే ఆగిపోతే గది మంచిది. "ట్టర్ర్" మని రేకు మీద రాయి పడ్డట్టు సాగితే, ఎంత ఖరీదైన రిసీవర్ తెచ్చినా ఆ రేకు మోతే వినపడుతుంది. అప్పుడు ముందు పరదాలకూ జంపఖానాకూ ఖర్చు పెట్టండి.

ప్రశ్న (రాయచోటి నుంచి ఒక సోదరి): మా ఆయన కువైట్ నుంచి సెలవుకు వస్తూ రిసీవర్ తెస్తానంటున్నారు. మా తమ్ముడు అమెరికాలో ఇంకా చౌక అంటున్నాడు. ఏది తెప్పించుకోవాలి?

జవాబు: కువైట్‌దే తెప్పించుకోమ్మా. అక్కడి కరెంటు 240 వోల్టులు, 50 సైకిళ్లు (అంటే హెర్ట్జ్). మనది 230 వోల్టులు, 50 సైకిళ్లు. తెచ్చి పెట్టుకోవడమే. ప్లగ్గు మాత్రం చదరపు మూడు పిన్నులది, లోపల ఫ్యూజు ఉంటుంది, మన బోర్డులో దూరదు. చాలా రిసీవర్లకు కరెంటు వైరు వెనక నుంచి ఊడి వస్తుంది, అదే తలకాయ ఉన్న మన వైరు ఎలక్ట్రికల్ కొట్లో దొరుకుతుంది. పుల్ల గుచ్చి చదరపు పిన్నును గుండ్రటి బోర్డులో బలవంతంగా దూర్చే అలవాటు మన వైపు ఉంది. అది వద్దు. పిన్ను వదులుగా కూర్చుని నిప్పురవ్వ లేస్తుంది.

అమెరికా రిసీవర్ వెనక "120 వోల్టులు, 60 సైకిళ్లు" అని రాసి ఉంటే మన బోర్డులో పెట్టిన క్షణంలోనే పోతుంది. అట్లా పోయినవి నా దగ్గరకు ఎన్నో వచ్చాయి. "100 నుంచి 240" అని రాసి ఉంటే మాత్రం భయం లేదు, కాకపోతే పెద్ద రిసీవర్లలో అది అరుదు. ఇప్పటికే తెచ్చేసుకున్నవాళ్లు మన వోల్టేజీని అమెరికా వోల్టేజీకి దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవాలి. రిసీవర్ 500 వాట్లు తీసుకుంటే 1000 వీఏ ట్రాన్స్‌ఫార్మర్ కొనండి. 60 సైకిళ్లకు చేసిన లోపలి ట్రాన్స్‌ఫార్మర్ 50 సైకిళ్ల మీద మామూలుకన్నా వేడెక్కుతుంది, ఎండాకాలం దాన్ని గమనిస్తూ ఉండాలి. చౌకలో మిగిలిన డబ్బు ట్రాన్స్‌ఫార్మర్‌కే పోతుంది. పైగా బయటి దేశంలో కొన్నదానికి ఇక్కడ వారంటీ సాధారణంగా చెల్లదు. కువైట్‌ది కూడా అంతే, అది తెలుసుకునే తెప్పించుకోండి.

ప్రశ్న (గుంతకల్లు నుంచి ఒక పాఠకుడు): టీవీకీ రిసీవర్‌కూ ఒక హెచ్‌డీఎంఐ వైరు వేశాను. ఓటీటీలో సినిమా పెడితే టీవీలోంచే సౌండ్ వస్తోంది. ఆప్టికల్ వైరు వేస్తే వచ్చింది గానీ అట్మాస్ అని వెలగడం లేదు.

జవాబు: తమ్ముడూ, టీవీ వెనక మూడు నాలుగు హెచ్‌డీఎంఐ రంధ్రాలున్నా, శబ్దాన్ని వెనక్కి పంపేది ఒక్కటే. దాని పక్కన "ఆర్క్" లేదా "ఈ-ఆర్క్" అని రాసి ఉంటుంది. రిసీవర్ వైపు కూడా టీవీకి పోయే "ఔట్" రంధ్రానికే అట్లా రాసి ఉంటుంది. ఈ రెండింటి మధ్యే వైరు ఉండాలి. తర్వాత రెండింటి సెట్టింగుల్లోకి పోయి హెచ్‌డీఎంఐ కంట్రోల్ ఆన్ చేయాలి. సామ్‌సంగ్ దాన్ని ఎనీనెట్ అంటుంది, ఎల్‌జీ సింప్‌లింక్ అంటుంది, సోనీ బ్రావియా సింక్ అంటుంది. పేర్లు వేరైనా పని ఒకటే. అది ఆపి ఉంటే చాలా టీవీల్లో ఆర్క్ పని చేయదు. చివరికి టీవీ సౌండ్ మెనూలో డిజిటల్ ఔట్‌పుట్ "పీసీఎం" అని ఉంటే మార్చి "ఆటో" గానీ "పాస్ త్రూ" గానీ పెట్టండి. పీసీఎంలో ఉంటే మామూలు ఆర్క్ మీద రెండు ఛానెళ్లే వస్తాయి, వెనక స్పీకర్లు మూగబోతాయి.

ఆప్టికల్‌లో అట్మాస్ రాదు. అందులో పాత డాల్బీ డిజిటల్ 5.1 దాకానే పోతుంది. ఓటీటీ అట్మాస్ డాల్బీ డిజిటల్ ప్లస్ రూపంలో వస్తుంది, అది మోయడానికి 2009లో వచ్చిన మామూలు ఆర్క్ చాలు. బ్లూ-రే డిస్కులోని ట్రూహెచ్‌డీ లాంటి బరువైన శబ్దాన్ని టీవీ మీదుగా పంపాలంటేనే 2017లో ప్రకటించిన ఈ-ఆర్క్ కావాలి. డిస్కు ప్లేయర్‌ను నేరుగా రిసీవర్‌కే పెడితే ఆ గొడవ కూడా ఉండదు.

ప్రశ్న (తాడిపత్రి నుంచి ఒక సోదరి): పోయిన ఏడాది 5.1 పెట్టించుకున్నాం. పాటలకు ఇల్లు అదురుతుంది, మాటలు మాత్రం తెలియవు. మా అమ్మకు డెబ్బై ఏళ్లు. ఆమెకు వినపడాలని సౌండ్ పెంచితే, ఫైటు రాగానే ఆమే చెవులు మూసుకుంటోంది. ఇంకా మంచి రిసీవర్‌కు మారాలా?

జవాబు: మార్చొద్దమ్మా. నా దగ్గరకు వచ్చే పది ఫిర్యాదుల్లో ఆరు ఇదే, రిసీవర్ తప్పు ఉన్నది ఎప్పుడో ఒకసారే. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది కూడా ఇదే. ఇంట్లో పెద్దవాళ్లకు మాట తెలియకపోతే ఆ సెట్టు ఎవరికోసం పెట్టుకున్నట్టు?

మొదట సెంటర్ స్పీకర్ ఎక్కడుందో చూడండి. టీవీ కింద అరలో లోపలికి తోసి, ముందు ఒక పూలకుండీ పెట్టి ఉంటారు. దాన్ని అర అంచు దాకా ముందుకు లాగండి. అది మోకాలి ఎత్తులో ఉంటే కింద రెండు రబ్బరు ముక్కలు పెట్టి, మూతి అమ్మ ముఖం వైపు తిరిగేటట్టు పైకి వంచండి. ఈ ఒక్క పనికే సగం మార్పు వస్తుంది.

రెండోది, కేబుల్ టీవీ చూసేటప్పుడు రిసీవర్ "స్టీరియో"లో ఉందేమో చూడండి. స్టీరియోలో సెంటర్ స్పీకర్ అసలు పలకదు. "డాల్బీ సరౌండ్" అన్న మోడ్‌కు మారిస్తే మాటను విడదీసి మధ్యకు పంపుతుంది. అట్లాగే ఎడమ, కుడి స్పీకర్లలో ఒకదాని వైర్లు తారుమారైతే గొంతు మధ్యలో నిలవదు, గదిలో ఎక్కడో తేలినట్టు ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి నేను చేసే పరీక్ష మీరూ చేయొచ్చు. రిసీవర్ ఆపి, ప్లగ్గు తీసేయండి. ఒక స్పీకర్ వైరు కొసలు రెండూ రిసీవర్ వెనక నుంచి ఊడదీయండి. గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్లు తీసుకుని, ఎర్ర రంధ్రంలోంచి తీసిన కొసను బొడిపె వైపు, నల్లదాన్ని అడుగు వైపు, ఒక్క క్షణం తాకించి తీసేయండి. స్పీకర్‌లో "టప్" మంటుంది. జాలీ తీసి చూస్తూ ఉంటే కోను కొంచెం ముందుకు పొంగడం కంటికి కనబడుతుంది. ముందున్న మూడు స్పీకర్లూ ఇట్లాగే ముందుకు పొంగాలి. ఒకటి లోపలికి పోయిందంటే దాని వైర్లు తిరగేసి బిగించారని అర్థం.

మూడోది మెనూలో. "స్పీకర్ లెవెల్" అన్న చోట సెంటర్‌ను ఇప్పుడున్నదానికన్నా 2 లేదా 3 డెసిబెల్ పెంచండి. వూఫర్‌ను అంతే తగ్గించండి, బాసు ఎక్కువైతే మగ గొంతుల అడుగుభాగం మీద పడి మాట మసకబారుతుంది. ఫైటు మోతకు మందు "నైట్ మోడ్" లేదా "డైనమిక్ రేంజ్" అన్న సెట్టింగు. పెద్ద చప్పుడును అణిచి, చిన్న మాటను పైకి లేపుతుంది. దాన్ని రాత్రి మాత్రమే వాడాలని ఎవరూ చెప్పలేదు, అమ్మ కూర్చున్నప్పుడల్లా వాడండి.

ఇక మీ ఊరు తాడిపత్రి కదా, నేల బండలే అయి ఉంటుంది. మా కడప జిల్లాలోనూ అంతే, నున్నగా పాలిష్ పట్టిన బండ అద్దంతో సమానం. ఎర్రగుంట్ల దగ్గర ఒక ఇంట్లో ఇట్లాగే మాటలు తెలియట్లేదని పిలిస్తే పోయాను. నేలంతా నల్లబండ, మూడు వైపులా నున్నటి గోడ, ఒక్క పరదా లేదు. వాళ్లింట్లో పెళ్లిళ్లకు పరిచే పాత జంపఖానా బీరువా మీద మడిచి ఉంటే దించి, టీవీకీ సోఫాకూ మధ్య నాలుగు మడతలుగా పరిచాను. కిటికీకి మందపాటి దుప్పటి వేలాడదీశాను. వాళ్ల జేజి మంచం మీద ఒత్తిగిలి పడుకుని వింటా ఉండె. రెండు నిమిషాలు విని, "ఇప్పుడు మాట తెలుస్తాంది నాయనా, వీళ్లు ఇంతసేపూ దీనికే కొట్లాడుకుంటాండారా?" అనింది. సీరియల్‌లో అత్తాకోడళ్ల గొడవ అప్పటికి ఆమెకు అర్థమైంది. నేను అక్కడ రిసీవర్‌ను తాకనే లేదు.

ప్రశ్న (అనంతపురం నుంచి ఒక పాఠకుడు): సినిమా ఆపినా వూఫర్‌లోంచి గుయ్యిమని మోత వస్తూనే ఉంది. వూఫర్ మార్చినా తగ్గలేదు.

జవాబు: కేబుల్‌వాళ్ల వైరును సెట్‌టాప్ బాక్సు నుంచి ఊడదీసి వినండి. మోత ఆగిపోతే దొంగ దొరికినట్టే. కేబుల్ వైరు వీధి స్తంభం దగ్గరి ఎర్త్‌నూ, మీ రిసీవర్ ఇంటి ఎర్త్‌నూ మోసుకొస్తాయి. ఆ రెండింటికీ తేడా ఉంటే ఆ తేడా కరెంటే వైర్లలో తిరుగుతూ 50 సైకిళ్ల మోతగా వినపడుతుంది. కేబుల్ వైరు మధ్యలో ఐసొలేటర్ (రెండు ఎర్త్‌లూ కలవకుండా ఆపే చిన్న ముక్క) పెడితే ఆ తిరుగుడు తెగిపోతుంది. టీవీ, బాక్సు, రిసీవర్, వూఫర్ అన్నిటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు ఇవ్వండి. వూఫర్ సిగ్నల్ వైరును కరెంటు వైర్లతో కలిపి కట్టకండి.

కేబుల్ తీసినా మోత ఆగకపోతే ఎర్త్ గుంత చూడాలి. మీ జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లే, ఏప్రిల్ వచ్చేసరికి ఇంటి వెనక ఎర్త్ గుంత రాయిలా ఎండిపోతుంది. ఉప్పూ బొగ్గూ పోసిన గుంతకు నాలుగు బిందెల నీళ్లు పోసి మరునాడు వినండి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ చూపించండి, ఒకటి రెండు వోల్టులు దాటితే ఎర్తింగ్ మళ్లీ చేయించాల్సిందే. ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. మోత పోతుందని ఎవరైనా ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరవమంటే ఒప్పుకోవద్దు. మోత పోతుంది, రేపు పెట్టె రేకుకు కరెంటు వస్తే మనిషి పోతాడు.

ప్రశ్న (కర్నూలు నుంచి ఒక పాఠకుడు): రిసీవర్‌తో చిన్న మైకు వచ్చింది. అది పెట్టి ఆటో సెటప్ చేస్తే వూఫర్ 18 అడుగుల దూరంలో ఉందని చూపిస్తోంది, ఉన్నది 9 అడుగుల్లో. మైకు చెడిపోయిందా? వాల్యూమ్ కూడా మైనస్‌లో చూపిస్తోంది.

జవాబు: మైకు బాగానే ఉంది, ఆ 18ని మార్చకండి. రిసీవర్ కొలిచేది టేపుతో కాదు, శబ్దం వచ్చేందుకు పట్టిన కాలంతో. శబ్దం ఒక అడుగు దాటడానికి దాదాపు ఒక మిల్లీసెకను తీసుకుంటుంది. వూఫర్ లోపలి సర్క్యూట్ శబ్దాన్ని కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తుంది, ఆ ఆలస్యాన్నే దూరంగా లెక్కేసింది. మీరు సరిదిద్దితే వూఫర్ దెబ్బ వెనకబడి వస్తుంది.

సరిదిద్దాల్సింది వేరే ఉంది. చాలాసార్లు ఆటో సెటప్ ముందు స్పీకర్లను "లార్జ్" అని పెడుతుంది. వాటిని "స్మాల్" చేసి, క్రాసోవర్ 80 హెర్ట్జ్ పెట్టండి. అంటే 80కి కింది బరువంతా వూఫర్ మోస్తుంది, రిసీవర్‌కు శ్రమ తగ్గుతుంది, గొంతు తేటపడుతుంది.

మైకు పెట్టే తీరు కూడా చూసుకోండి. చేత్తో పట్టుకోకూడదు, సోఫా వీపు మీద ఆనించకూడదు. ఫొటోలు తీసే స్టాండుకు బిగించి చెవి ఎత్తులో నిలబెట్టాలి. డెనాన్, మరాంజ్ రిసీవర్లలో ఉండే ఆడిసీ అన్న ఆటో సెటప్ అయితే మోడల్‌ను బట్టి 6 నుంచి 8 చోట్ల కొలవమంటుంది, అన్నీ సోఫా చుట్టూ రెండడుగుల లోపలే కొలవండి. యమహాలో అట్లాంటిదాని పేరు వైపావో. ఫ్యాను ఆపండి. ఎయిర్ కూలర్ తప్పకుండా ఆపండి, కూలర్ మోత మైకుకు సగం వూఫర్‌లా వినపడుతుంది. మీ కర్నూలులో ఆటోల హారన్లు తగ్గే రాత్రి పదకొండు తర్వాత నేనైతే మొదలుపెడతాను.

మైనస్ గురించి భయపడకండి. సున్నా అంటే సినిమా హాల్లో వినిపించమని నిర్ణయించిన శబ్దం. ఇంట్లో మైనస్ 30, మైనస్ 25 మధ్యలో వింటే హాయిగా ఉంటుంది.

ప్రశ్న (ఆదోని నుంచి ఒక పాఠకుడు): మా ఊళ్లో అసెంబుల్డ్ 5.1 ఆంప్లీఫయర్ రిసీవర్ ధరలో మూడో వంతుకే చేసి ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: పాటల కోసమైతే తీసుకోవచ్చు. మన వైపు చేతిపనివాళ్లు మంచి ఆంప్లీఫయర్లు చేస్తారు, పాడైతే అరగంటలో బాగు చేస్తారు, ఆ సుఖం కంపెనీ రిసీవర్‌లో లేదు. లోపల బరువైన రాగి ట్రాన్స్‌ఫార్మర్ వేయమనండి. 5200, 1943 ట్రాన్సిస్టర్ల జత అసలువే వేయమని అడగండి, మార్కెట్లో నకిలీలు ఎక్కువ, అవి ఎండాకాలం తట్టుకోవు. సినిమాల కోసమైతే మాత్రం వద్దు. స్పీకర్ దూరాలు సరిచేయడం, గదిని మైకుతో కొలవడం, 4కే బొమ్మ తనలోంచి పంపడం సాధారణంగా వాటికి ఉండవు.

ప్రశ్న (బద్వేలు నుంచి ఒక పాఠకుడు): మధ్యాహ్నం గంటసేపు సినిమా చూస్తే రిసీవర్ టక్‌మని ఆగిపోయి ఎర్ర లైటు కొట్టుకుంటోంది. రాత్రి మాత్రం బాగా పనిచేస్తుంది. కంపెనీవాళ్లు చూసి ఏమీ లేదన్నారు.

జవాబు: రాత్రి బాగుందంటే వేడే కారణం. టీవీ యూనిట్‌లో, అద్దం తలుపు వెనక పెట్టారు కదా? రిసీవర్ తీసుకునే కరెంటులో సగానికి పైగా వేడిగానే పోతుంది. బయట 42, 43 డిగ్రీలున్నప్పుడు ఆ అరలో పెట్టెకు గాలి ఆడదు. తనను తాను కాపాడుకోవడానికి లోపలి రిలే (కరెంటును కలిపి విడదీసే స్విచ్చి) విడిపోతుంది, మీరు విన్న టక్ అదే.

మా ఇంట్లో నేనే ఈ తప్పు చేశాను. షోకేసులో చూడముచ్చటగా ఉంటుందని పైన రెండు వేళ్ల సందు మాత్రమే వదిలి రిసీవర్ పెట్టాను. రెండు వేసవులు అట్లాగే నడిపాం. మూడో ఏడు మూత విప్పి చూస్తే, హీట్‌సింక్ పక్కనున్న రెండు కెపాసిటర్ల తలలు ఉబ్బి, బోర్డు తేనె రంగుకు మాడి ఉంది. కెపాసిటర్లు మార్చాను గానీ ఆ మరక ఇప్పటికీ ఉంది. ఆ రోజే అర వెనక చెక్క కోసేసి, రిసీవర్‌ను బయట బల్ల మీదికి మార్చాను. పైన జానెడు, పక్కల నాలుగు వేళ్లు వదలండి. దాని మీద సెట్‌టాప్ బాక్సు పెట్టకండి, దుమ్ము పడుతుందని గుడ్డ కప్పకండి.

బయటికి తీసినా ఆగిపోతుంటే స్పీకర్ వైర్ల కొసలు చూడండి. ఒక్క రాగి పోగు పక్క రంధ్రంలోకి తాకినా ఇట్లాగే ఆగుతుంది. పోగులన్నీ మెలిపెట్టి, బనానా పిన్ను వేసి బిగించండి. ఒకే ఛానెల్‌కు రెండు 8 ఓంల స్పీకర్లు జతగా కలిపి ఉంటే అది 4 ఓంలవుతుంది, అడ్డు తగ్గి రిసీవర్ మీద బరువు పడుతుంది, రెండోది తీసేయండి. వైరు పది మీటర్లు దాటితే రెండున్నర (చదరపు మిల్లీమీటర్ల) వైరు వేయండి, పది మీటర్ల లోపలైతే ఒకటిన్నర చాలు. ఇవన్నీ చూసినా ఆగుతుంటే పెట్టెను తీసుకుని కడప రండి, మీ ముందే మూత విప్పి చూపిస్తాను.